గొంగళిపురుగులకు ఆకులు, తేనెటీగలకు పుప్పొడి: స్థానిక మొక్కల పెంపకంపై తరచుగా అడిగే ప్రశ్నలు

సీతాకోకచిలుకలు, తేనెటీగలు తగ్గిపోతున్నాయని బాధపడేవాళ్లు చాలామంది రంగురంగుల పూల మొక్కలు కొని తెస్తారు. పూలు అవసరమే. అయితే ఆ పూల మీద వాలే సీతాకోకచిలుక పుట్టాలంటే ముందు ఒక గొంగళిపురుగు ఎక్కడో కడుపునిండా ఆకులు తినాలి. ఆ ఆకు మీ పెరట్లో దొరికేలా చేయడం ఎలాగో ఈ ప్రశ్నల్లో చూద్దాం.

పూల మొక్కలు ఉంటే చాలదా? ఆతిథేయ మొక్క ఎందుకు?

సీతాకోకచిలుక పెద్దయ్యాక తాగేది మకరందం. దాని పిల్ల, అంటే గొంగళిపురుగు, తినేది ఆకు. పెద్దది ఏ పూవు మీదైనా వాలుతుంది కానీ పిల్లకు చాలా కచ్చితమైన ఎంపిక ఉంటుంది. ఒక్కో జాతి కొన్ని మొక్కల ఆకులే తింటుంది, కొన్నయితే ఒకే కుటుంబం మొక్కలు తప్ప ఇంకేవీ ముట్టవు. తల్లి ఆ ఆకును ముందుకాళ్లతో తట్టి, రుచి చూసి, నిర్ధారించుకున్నాకే గుడ్డు పెడుతుంది. ఇలా పిల్లలకు తిండి పెట్టే మొక్కనే ఆతిథేయ మొక్క అంటారు. అది లేని తోటకు సీతాకోకచిలుకలు మకరందం కోసం వచ్చి పోతాయి, అక్కడ సంతతి మాత్రం పెరగదు.

స్థానిక మొక్కే కావాలా? విదేశీ మొక్క ఆకు తినవా?

మొక్కలు తమను తినేవాటిని ఆపడానికి ఆకుల్లో రకరకాల విషాలు, పాలు, ఘాటైన నూనెలు దాచుకుంటాయి. వేల ఏళ్లు ఒకే నేలలో కలిసి బతికిన పురుగులు ఆ విషాలను తట్టుకోవడం నేర్చుకున్నాయి. కొన్ని వాటిని ఒంట్లో దాచుకుని తమ రక్షణకు వాడుకుంటాయి కూడా. కొత్తగా వచ్చిన మొక్కలోని రసాయనాలతో వాటికి ఆ పరిచయం లేదు.

చూడ్డానికి దగ్గరి చుట్టంలా కనిపించే మొక్క మరీ ప్రమాదం. ఆస్ట్రేలియాలో రిచ్‌మండ్ బర్డ్‌వింగ్ అనే పెద్ద సీతాకోకచిలుక తన స్థానిక తీగ అనుకుని, దక్షిణ అమెరికా నుంచి అలంకరణకు తెచ్చిన అరిస్టలోకియా ఎలిగాన్స్ తీగ మీద గుడ్లు పెడుతుంది. పొదిగి బయటికొచ్చిన పిల్లలు ఆ ఆకు తిని చనిపోతాయి. కాబట్టి "అదే జాతి తీగే కదా" అని నర్సరీలో అందమైన పూలున్న రకం తీసుకోకండి.

మినహాయింపులు ఉన్నాయి. మడగాస్కర్ నుంచి వచ్చిన రణపాల ఆకును రెడ్ పియరో అనే సీతాకోకచిలుక పిల్లలు హాయిగా తింటాయి. సీతాఫలం అమెరికా మొక్కే అయినా టెయిల్డ్ జే అనే ఇంకో సీతాకోకచిలుక దాని మీద గుడ్లు పెడుతుంది. ఇలాంటివి ఇప్పటికే ఉంటే పీకేయనక్కర్లేదు. కొత్తగా నాటేటప్పుడు మాత్రం స్థానికానికే ముందు చోటు ఇవ్వండి.

మన నేలలో ఏ మొక్కకు ఏది వస్తుంది?

మొట్టమొదట నాటాల్సింది కరివేపాకు. కామన్ మార్మన్, లైమ్ బటర్‌ఫ్లై రెండూ దాని మీద గుడ్లు పెడతాయి. నిమ్మ, మారేడు కూడా వాటికి ఇష్టమే. వీటి చిన్న గొంగళిపురుగులు పిట్ట రెట్టలా నల్లగా, తెల్లగా ఉంటాయి. చివరి దశలో ఆకుపచ్చగా మారిపోతాయి. ముట్టుకుంటే తల వెనక నుంచి రెండు కొమ్ముల్లాంటి అవయవం బయటికి తోసి ఘాటు వాసన వదులుతాయి. అది బెదిరింపే, కుట్టవు, కరవవు.

రెండోది జిల్లేడు. ప్లెయిన్ టైగర్ పిల్లలకు ఇది ప్రధాన ఆహారం. తెలుపు, నలుపు, పసుపు పట్టీలు, వీపు మీద మూడు జతల నల్లని పోగులు కనిపిస్తే అవే. జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి కాబట్టి పక్షులు వీటి జోలికి సాధారణంగా రావు. ఆ రక్షణను అరువు తెచ్చుకునే సీతాకోకచిలుకా ఉంది. డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది అచ్చం ప్లెయిన్ టైగర్‌లాగే ఉంటుంది, దాని పిల్లలు మాత్రం గంగవాయిలి కూర తింటాయి. పెరట్లో దానంతట అది మొలిచే ఈ కూరను కలుపు అని మొత్తం తీసేయకుండా ఒక మూల వదిలేయండి.

ఈశ్వరి తీగ (అరిస్టలోకియా ఇండికా) కామన్ రోజ్, క్రిమ్సన్ రోజ్ సీతాకోకచిలుకలకు ప్రాణాధారం. ఈ తీగ, దాని బంధువులు తప్ప వేరే ఆకు వాటికి పనికిరాదు. ముదురు మెరూన్ రంగులో, మెత్తని ముళ్లలాంటి బొడిపెలతో పిల్లలుంటాయి. కరివేపాకు తినే కామన్ మార్మన్ ఆడవాటిలో కొన్ని ఈ రెండు రోజ్‌ల వేషమే వేస్తాయి. నిజమైన విషపు సీతాకోకచిలుకలు ఆ చుట్టుపక్కల ఉంటేనే పక్షులకు ఆ పాఠం గుర్తుంటుంది, వేషం పనిచేస్తుంది. కాబట్టి ఈశ్వరి, కరివేపాకు ఒకే పెరట్లో ఉండటం మంచి జోడీ.

చెట్టు పెట్టేంత చోటుంటే రేల నాటండి. కామన్ ఎమిగ్రెంట్, మాటిల్డ్ ఎమిగ్రెంట్ దాని లేతాకుల మీద గుడ్లు పెడతాయి. చోటు తక్కువైతే తంగేడు చాలు, మాటిల్డ్ ఎమిగ్రెంట్ దానికీ వస్తుంది. నరమామిడి (నిలువుగా పెరిగే అశోక చెట్టని చాలామంది పిలిచేది) ఆకు టెయిల్డ్ జేకి, కానుగ ఆకు కామన్ బ్యాండెడ్ ఆల్‌కి, రేగు ఆకు కామన్ పియరోకి, ఆముదం ఆకు కామన్ క్యాస్టర్‌కి తిండి. ముళ్ళ గోరింట, నీటిగొబ్బి ఉంటే లెమన్ పాన్సీ వస్తుంది. మర్రి, రావి మీద కామన్ క్రో పెరుగుతుంది, దాని ప్యూపా (గొంగళిపురుగు సీతాకోకచిలుకగా మారే గూడు దశ) వెండి పూత పూసినట్టు మెరుస్తుంది. మీకు ఇప్పటికే మామిడి చెట్టుంటే ఆకుల మధ్య ఈనె వెంబడి జాగ్రత్తగా చూడండి. కామన్ బారన్ పిల్ల రెండు పక్కలా ఈకల్లాంటి పోగులు పరుచుకుని, ఈనెతో కలిసిపోయి పడుకుని ఉంటుంది.

గడ్డిని మరచిపోవద్దు. కామన్ ఈవెనింగ్ బ్రౌన్ లాంటి గోధుమ రంగు సీతాకోకచిలుకల పిల్లలు గడ్డి, వరి లాంటివే తింటాయి. లాన్ మొత్తం కోసేయకుండా అంచున ఒక మీటరు వెడల్పు పట్టీ ఎత్తుగా పెరగనివ్వండి.

తేనెటీగలకూ ఆతిథేయ మొక్కలుంటాయా?

ఆకు తినవు కాబట్టి ఆ అర్థంలో లేవు. వాటి పిల్లలకు తిండి పుప్పొడి, మకరందం. పెద్ద తేడా పుప్పొడిలో ఉంటుంది. తంగేడు పూవులో మకరందం ఉండదు, పుప్పొడి కూడా కేసరాల కొసన చిన్న రంధ్రాల లోపల బిగించి ఉంటుంది. నల్ల తుమ్మెదలు, నీలి పట్టీల అమెగిల్లా తేనెటీగలు పూవును పట్టుకుని రెక్కల కండరాలను గట్టిగా కంపింపజేస్తే పుప్పొడి రాలుతుంది. వంగ, టమాటా పూలదీ ఇదే నిర్మాణం. మామూలు తేనెటీగలకు ఈ పని చేతకాదు. వంగ తోట పక్కన నాలుగు తంగేడు పొదలుంటే వంగ పూయని రోజుల్లో కూడా ఈ ఈగలకు అక్కడే తిండి దొరుకుతుంది.

గులాబీ, కానుగ ఆకుల అంచుల్లో గుండ్రంగా, కత్తిరించినట్టు ముక్కలు పోయి ఉంటే అది తెగులు కాదు. ఆకుకోత తేనెటీగ ఆ ముక్కలతో తన పిల్లల గదులకు గోడలు కట్టుకుంటోంది. మందు కొట్టొద్దు, మొక్కకు నష్టమేమీ ఉండదు.

మకరందం కోసం తుమ్మి, వావిలి, తులసి, నూరువరహాలు బాగుంటాయి. పూత ఒకదాని తర్వాత ఒకటి అందేలా చూడండి. వేసవిలో కానుగ, వేప, నేరేడు, వానల్లో తుమ్మి, గిలిగిచ్చ, ఆ తర్వాత రేగు, తంగేడు. గిలిగిచ్చ గురించి ఒక మాట: ప్లెయిన్ టైగర్, బ్లూ టైగర్ లాంటి వాటి మగవి దాని ఎండిన, గాయపడిన భాగాల మీద గుంపుగా వాలి కొన్ని రసాయనాలు సేకరిస్తాయి. ఆడవాటిని ఆకర్షించే వాసన తయారీకి అవి కావాలి. ఎండిపోయింది కదా అని వెంటనే పీకేయకండి. ఇక రేకులు ముద్దగా ఉండే సంకర రకాల పూలలో చాలా వాటికి మకరందం, పుప్పొడి అందవు. ఒంటి రెక్క రకాలు ఎంచుకోండి.

ఎన్ని మొక్కలు నాటాలి?

ఒకటి చాలదు. ఎక్కువ మంది నిరాశపడేది ఇక్కడే. రెండడుగుల కరివేపాకు మొక్కను ఐదారు పెద్ద గొంగళిపురుగులు బోడి చేసేస్తాయి. చివరి దశలో పురుగు తినేది అంతకుముందు అన్ని దశల్లో తిన్నదానికంటే చాలా ఎక్కువ. సరిగ్గా ఆ సమయంలో ఆకు అయిపోతే అది పస్తుతో చస్తుంది. చిన్న మొక్కలైతే ఒకే రకం మూడు నుంచి ఐదు, దగ్గర దగ్గరగా గుంపుగా నాటండి. ఈశ్వరి తీగలు కనీసం నాలుగు ఉండాలి. పది రకాలు ఒక్కొక్కటి పెట్టడం కంటే మూడు రకాలు ఐదేసి పెట్టడం మేలు.

రోజుకు ఐదారు గంటల ఎండ పడే, గాలి నేరుగా కొట్టని చోటు చూడండి. సీతాకోకచిలుకలు ఎండలో ఒళ్లు వేడెక్కితే గానీ ఎగరలేవు. ఈశ్వరికి మాత్రం పాదు దగ్గర కాస్త నీడ, పైకి పాకడానికి కంచె లేదా పొద ఉంటే బాగా పెరుగుతుంది.

బాల్కనీలో కుండీల్లో కుదురుతుందా?

కుదురుతుంది. కరివేపాకు, నిమ్మకు 15 అంగుళాల కుండీ, ముళ్ళ గోరింట, తుమ్మి, గంగవాయిలికి 10–12 అంగుళాలది చాలు. రెండు పాళ్లు మట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. అడుగున రంధ్రాలు మూసుకుపోకుండా పెంకులు వేయండి. యూరియా ఎక్కువ వేస్తే ఆకు మెత్తగా, రసంతో ఉబ్బి పేనుబంకను పిలుస్తుంది. పై అంతస్తుల్లో గాలి ఎక్కువగా ఉంటే గోడ మూలకు జరపండి.

విత్తనాలు మొలవడం లేదు. ఎందుకు?

ఒక్కో విత్తనానికి ఒక్కో కారణం.

రేల, తంగేడు గింజల పెంకు గట్టిది, నీరు లోపలికి పోదు. నీళ్లు మరిగించి, పొయ్యి మీద నుంచి దించి, ఐదారు నిమిషాలు ఆగి గింజలు వేయండి. రాత్రంతా అలాగే ఉంచితే నీరు పీల్చినవి ఉబ్బుతాయి, వాటిని నాటండి. ఉబ్బనివాటిని ఒక పక్క గరుకు కాగితంతో రుద్ది మళ్లీ నానబెట్టండి. మొలక వచ్చే వైపు రుద్దకూడదు. పొయ్యి మీద ఉడికిస్తే గింజ చస్తుంది.

కరివేపాకుది దీనికి పూర్తిగా వ్యతిరేకం. దాని గింజ ఎండితే పనికిరాదు. నల్లగా పండిన కాయను చెట్టు నుంచి తీసి, గుజ్జు కడిగేసి, రెండు మూడు రోజుల్లోనే అంగుళంలోపు లోతున నాటాలి. ప్యాకెట్లో కొన్న ఎండు గింజలు మొలవకపోవడానికి కారణం అదే. పెద్ద చెట్టు చుట్టూ వేర్ల నుంచి వచ్చే పిలకలను కొంత వేరుతో తవ్వి నాటడం ఇంకా సులువు.

జిల్లేడు కాయ పగలడానికి సిద్ధంగా ఉన్నప్పుడు కోసి, దూది తీసేసి, గింజలను మట్టి మీద చల్లి పలచగా కప్పితే చాలు. కొమ్మ నాటినా వస్తుంది. అయితే కోసిన చోట పాలు ఆరేదాకా ఒకటి రెండు రోజులు నీడలో ఉంచండి, లేకపోతే కుళ్లుతుంది. ముళ్ళ గోరింట కొమ్మలు తొలకరిలో గుచ్చితే వేళ్లు తొందరగా పడతాయి.

నర్సరీ నుంచి తెచ్చిన మొక్క మీద పురుగులు చచ్చిపోతున్నాయి. ఏం జరుగుతోంది?

ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ లాంటి అంతర్వాహిక పురుగుమందులు వాడి ఉండొచ్చు. ఇవి ఆకు మీద ఆగిపోవు, వేరు నుంచి చిగురు దాకా, పుప్పొడి, మకరందం దాకా పాకుతాయి. కడిగినా పోవు, నెలల తరబడి ఉంటాయి. తేనెటీగలకు వీటివల్ల జరుగుతున్న హాని చూసి యూరోపియన్ యూనియన్ 2018లో ఈ రెంటినీ, ఇదే కోవకు చెందిన క్లోథియానిడిన్‌నూ ఆరుబయట పొలాల్లో నిషేధించింది. కొనేముందు ఏ మందు కొట్టారో, మట్టిలో గుళికలు వేశారో లేదో అడగండి. ఒక్క పురుగు కాటు కూడా లేకుండా నిగనిగలాడే నిమ్మ మొక్కను అనుమానించండి. విత్తనం నుంచి పెంచుకోవడమే అన్నిటికంటే నమ్మకం.

వేపనూనె సహజమైనదే కదా, కొట్టొచ్చా?

ఆతిథేయ మొక్కల మీద కొట్టొద్దు. వేపలోని అజాడిరక్టిన్ పురుగు కుబుసం విడవకుండా అడ్డుకుంటుంది, ఆకు తిననివ్వదు. తెగులు పురుగుకూ, సీతాకోకచిలుక పిల్లకూ అది తేడా చూపదు. బీటీ మందు (ఒక బాక్టీరియాతో తయారుచేసేది) కూడా అంతే, అది పనిచేసేదే గొంగళిపురుగుల మీద. సేంద్రియం అనే మాట మనుషులకు, నేలకు భరోసా ఇస్తుందేమో గానీ ఈ పిల్లలకు కాదు.

జిల్లేడు చిగుళ్ల మీద పసుపు రంగు పేను గుంపులుగా పడుతుంది. ముందు ఆకుల అడుగున గుడ్లు, పిల్లలు ఉన్నాయేమో చూడండి. లేని కొమ్మల మీద నీటి ధార కొట్టండి, లేదా వేళ్లతో తుడిచేయండి. వారం ఆగితే అక్షింతల పురుగులు వచ్చి చాలావరకు వాటి పని పడతాయి.

మొక్క మొత్తం బోడి అయిపోయింది. చస్తుందా?

వేరు బాగా పట్టిన మొక్క చావదు. జిల్లేడు, కరివేపాకు, తంగేడు రెండు మూడు వారాల్లో మళ్లీ చిగురిస్తాయి. ఈశ్వరి తీగ నేల మట్టానికి ఎండినట్టు కనిపించినా దుంపలా గట్టిపడిన వేరు నుంచి తిరిగి వస్తుంది. ఆ చోటు తవ్వకండి. నాటిన మొదటి ఏడాది మొక్కలను మాత్రం కాస్త కాపాడాలి. పురుగులు ఎక్కువైతే కొన్నింటిని ఆకుతో సహా తెంపి, అదే రకం పెద్ద మొక్కకు చేర్చండి. చేత్తో పట్టి లాగితే ఆకును పట్టుకున్న కాళ్లు తెగుతాయి.

ఆకు నిజంగానే అయిపోతే అదే మొక్క ఆకు ఇంకోచోట నుంచి తెచ్చి పెట్టండి. కరివేపాకు తినే వాటికి నిమ్మ, మారేడు లేతాకు పెట్టి చూడొచ్చు. జిల్లేడు పురుగుకు క్యాబేజీ ఆకు పెట్టి ప్రయోజనం లేదు, ఆకలితో చస్తుంది గానీ తినదు.

గుడ్లు చూశాం, తర్వాత పురుగులు మాయమయ్యాయి. లోపలికి తెచ్చి పెంచాలా?

పెట్టిన గుడ్లలో ఎక్కువ భాగం సీతాకోకచిలుక దాకా రావు. చీమలు, సాలీళ్లు, కందిరీగలు, పక్షులు, గుడ్డులోనే గుడ్డు పెట్టే పరాన్నజీవి కందిరీగలు, అన్నీ తింటాయి. ఇది లోపం కాదు, పిచ్చుకలు తమ పిల్లలకు పెట్టేది ఈ పురుగులనే. పెద్ద సంఖ్యలో డబ్బాల్లో పెంచితే రోగాలు ఒకదాన్నుంచి ఒకదానికి త్వరగా పాకుతాయి. పిల్లలకు చూపించడానికి ఒకటి రెండు పెంచితే తప్పులేదు. గాలి ఆడే జాలీ డబ్బాలో, రోజూ తాజా ఆకు వేసి, రెట్ట తీసేయండి. ప్యూపా నుంచి వచ్చాక రెక్కలు వేలాడదీసి ఆరడానికి నిలువు పుల్ల ఉండాలి. అది లేకపోతే రెక్కలు ముడుచుకునే గట్టిపడి జీవితాంతం ఎగరలేదు.

లాంటానా మీద ఎప్పుడూ సీతాకోకచిలుకలు ఉంటాయి. ఉంచొచ్చా?

ఉంచకపోవడమే మంచిది. పెద్దవాటికి మకరందం ఇస్తుంది, నిజమే. కానీ అడవుల్లో కిలోమీటర్ల కొద్దీ పాకి, వాటి పిల్లలు తినే మొక్కలను మొలవనివ్వదు. పక్షులు కాయలు తిని మీ పెరటి నుంచే దాన్ని దూరం మోస్తాయి. ఒక్కసారి తీసేయకుండా ముందు నూరువరహాలు, తుమ్మి పెట్టి, అవి పూతకొచ్చాక దాన్ని వేరుతో పెకలించండి. నేలమట్టానికి నరికితే మళ్లీ వస్తుంది.

వీటిలో విషమున్న మొక్కలున్నాయి కదా, పిల్లలున్న ఇంట్లో ఎలా?

ఉన్నాయి, తేలిగ్గా తీసుకోవద్దు. జిల్లేడు పాలు కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర దెబ్బతింటుంది. కోసేటప్పుడు చేతి తొడుగులు, కళ్లద్దాలు వాడండి. పడితే వెంటనే 15 నిమిషాలు ధారగా నీటితో కడిగి వైద్యుణ్ని చూడండి. ఆముదం గింజలు, గన్నేరు అన్ని భాగాలు ప్రాణాంతకం. ఈశ్వరి ఆకు, వేరు మందుగా మింగకూడదు, అందులోని అరిస్టలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుంది, క్యాన్సర్ తెస్తుంది. పసిపిల్లలుంటే కరివేపాకు, తంగేడు, ముళ్ళ గోరింట, గంగవాయిలితో మొదలుపెట్టండి, అవే సరిపోతాయి.

ఎండుటాకులు ఊడ్చేయాలా?

నడిచే దారి ఊడ్చండి, మొక్కల కింద వదిలేయండి. ప్యూపాలు ఎండిన ఆకులా, విరిగిన పుల్లలా ఉంటాయి. కాల్చిన చెత్తలో ఎన్ని పోతాయో కనిపించవు కూడా. కొమ్మలు కత్తిరించే ముందు అడుగు వైపు చూడండి.

కాస్త నేలను ఖాళీగా వదలడం తేనెటీగలకూ అవసరం. ప్రపంచంలో 20,000కు పైగా తేనెటీగ జాతులున్నాయి, వాటిలో చాలా భాగం ఒంటరివి, నేలలో గూడు కట్టేవి. ఎండ తగిలే చోట మీటరు చదరం మట్టిని బండలు, ప్లాస్టిక్ పట్టాలు, ఊక ఏమీ వేయకుండా, తవ్వకుండా వదలండి. రంధ్రాల్లో గూడు కట్టే ఈగల కోసం బొంగు ముక్కలు పెట్టాలనుకుంటే లోపలి రంధ్రం 6–10 మిల్లీమీటర్లు, పొడవు 15 సెంటీమీటర్లు, వెనక గణుపుతో మూసి ఉండాలి. వాన తగలకుండా కట్టి, ఈగలు వెళ్లిపోయిన పాత బొంగులను ఏటా మార్చండి. లేకపోతే సూక్ష్మమైన నల్లి (మైట్‌లు), బూజు చేరి కొత్త పిల్లలు పోతాయి.

ఒక తేనెటీగల పెట్టె పెడితే సహాయం అవుతుందా?

తేనె కోసమైతే పెట్టుకోండి. అడవి తేనెటీగలను కాపాడటానికి మాత్రం అది దారి కాదు. ఇటాలియన్ తేనెటీగలు పెట్టె నిండా వేల సంఖ్యలో ఉంటాయి, పూలు తక్కువున్న చోట ఒంటరి ఈగల పుప్పొడికి పోటీ వస్తాయి. ఆ ఖర్చుతో మొక్కలు పెట్టండి.

తడిమట్టి మీద సీతాకోకచిలుకలు గుంపుగా కూర్చుంటాయి. అలా ఏర్పాటు చేయొచ్చా?

అవి ఎక్కువగా మగవి, ఉప్పు, ఖనిజాలు పీల్చుకుంటాయి. వెడల్పాటి మూకుడులో ఇసుక, కాస్త తోటమట్టి కలిపి ఎప్పుడూ తడిగా ఉంచండి. నీరు నిలవకూడదు, దోమలు చేరతాయి.

దోమల పొగ, రాత్రి దీపాల సంగతేమిటి?

దోమల పొగ తేనెటీగలనూ చంపుతుంది. ఆపలేకపోతే, పొగ వేసే వేళ చిన్న కుండీలనైనా లోపల పెట్టండి. నీరు నిలవకుండా చూసుకుంటే పొగ అవసరమే తగ్గుతుంది. రాత్రి పూసే పారిజాతం లాంటి పూలకు మాత్‌లు (రాత్రిపూట తిరిగే, సీతాకోకచిలుకల్లాంటి కీటకాలు) వస్తాయి. తోటలో తెల్లని దీపం రాత్రంతా వెలిగితే అవి పూల దగ్గరికి పోకుండా దాని చుట్టే తిరిగి అలసిపోతాయి. పసుపు రంగు, కిందికి వంచిన దీపం పెట్టి, పని అయ్యాక ఆర్పేయండి.

నాటాక ఎన్నాళ్లకు వస్తాయి?

కరివేపాకు, నిమ్మకు తొలి వానల తర్వాత లేత చిగురు రాగానే, కొన్నిసార్లు వారాల్లోనే గుడ్లు కనిపిస్తాయి. చిగురు అంచుల్లో పసుపు ముత్యంలాంటి ఒంటి గుడ్ల కోసం చూడండి. ఈశ్వరికి రోజ్ సీతాకోకచిలుకలు రావాలంటే చుట్టుపక్కల ఎక్కడో ఆ తీగ ఇంకా మిగిలి ఉండాలి, దానికి ఒకటి రెండేళ్లు పట్టొచ్చు. అప్పటిదాకా తీగలను బతికించుకుంటూ, విత్తనాలు పక్కింటివాళ్లకు ఇవ్వండి. వీధిలో ఆ తీగ ఉన్న ఇళ్లు ఎన్ని ఎక్కువైతే తల్లి సీతాకోకచిలుకకు దారి అంత తొందరగా దొరుకుతుంది.